తీరం చేరేదాకా ముఖం చూపని తుపాను

పటం మీద అడ్డంగా ఒక గీత గీస్తే అమెరికాలోని డాలస్, మన లడఖ్‌లోని హన్లే గ్రామం రెండూ దాని మీదికే వస్తాయి. రెండూ ఉత్తర అక్షాంశం 32.8 డిగ్రీల దగ్గర ఉన్నాయి. 2024 మే 10న మొదలైన సౌర తుపానులో, మామూలుగా ధ్రువాల దగ్గర ఆకాశంలో వెలిగే అరోరా రెండుచోట్లా కనిపించింది. ఉత్తర టెక్సాస్‌లో ఊరి దీపాలకు కాస్త దూరం వెళ్ళినవాళ్ళ ఫోన్లలో గులాబీ, ఊదా రంగుల తెరలు పడ్డాయి. సముద్రమట్టానికి నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న హన్లే ఆకాశం డాలస్ ఆకాశం కంటే ఎన్నో రెట్లు చీకటి. అయినా అక్కడ భారత ఖగోళ భౌతిక సంస్థ కెమెరాకు దొరికింది ఉత్తరపు అంచున ఒక ఎర్రటి మెరుగు మాత్రమే.

అరోరా భౌగోళిక అక్షాంశాన్ని పట్టించుకోదు. దాని లెక్కంతా అయస్కాంత అక్షాంశంతోనే. భూమి అయస్కాంతపు ఉత్తర కొన భౌగోళిక ధ్రువం మీద సరిగ్గా కూర్చోలేదు, కెనడా వైపు ఒరిగి ఉంది. ఆ ఒరుగుడు వల్ల డాలస్ అయస్కాంత లెక్కలో 41 డిగ్రీల దాకా పైకి పోయింది, హన్లే 25 డిగ్రీల లోపుకు జారింది. హైదరాబాద్ భౌగోళికంగా 17 డిగ్రీల పైన ఉన్నా ఆ లెక్కలో దాదాపు 9 డిగ్రీలే. హన్లేకి కనిపించింది కూడా నెత్తిమీది వెలుగు కాదు, ఎంతో ఉత్తరాన, వందల కిలోమీటర్ల ఎత్తులో వెలిగిన అరోరా పై అంచు. కాబట్టి తెలుగు నేల మీద నిలబడి అరోరా కోసం ఎదురుచూడటం దండగ. అదే తుపానును ఇక్కడి నుంచి కొలవడం మాత్రం చాలా విలువైన పని. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఆ మే నెల తుపానుకు మూలం ఒక సూర్యమచ్చల గుంపు. దానికి పెట్టిన సంఖ్య 3664. భూగోళాలను పక్కపక్కన పేరిస్తే పదిహేనుకు పైగా పట్టేంత వెడల్పు. గ్రహణపు కళ్ళద్దాలు పెట్టుకుని చూసినవాళ్ళకు టెలిస్కోపు అక్కర లేకుండానే కనిపించింది. మే 8 నుంచి అది వరసగా పేలుతూ కనీసం ఐదు సీఎంఈలను మన వైపు విసిరింది. కరోనల్ మాస్ ఎజెక్షన్ అనే పేరుకు పొట్టి రూపం అది. సూర్యుడి బయటి వాతావరణం నుంచి వందల కోట్ల టన్నుల ప్లాస్మా, తనలో చుట్టుకున్న అయస్కాంత క్షేత్రంతో సహా ఊడి బయటికి ఎగరడమే సీఎంఈ. వెనక బయలుదేరినవి వేగం ఎక్కువై ముందువాటిని అందుకుని కలుపుకున్నాయి. కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో అమెరికా వాతావరణ సంస్థ నోవా నడిపే అంతరిక్ష వాతావరణ కేంద్రం మే 9న జీ4 స్థాయి వాచ్, అంటే ముందస్తు సూచన, ప్రకటించింది. 2005 తర్వాత ఆ స్థాయి వాచ్ అదే మొదటిది. మర్నాడు వచ్చిన తుపాను అక్కడ ఆగకుండా జీ5కు చేరింది. తుపాను బలాన్ని కొలిచే జీ కొలబద్దలో అదే చివరి మెట్టు. 2003 అక్టోబరు తర్వాత భూమి ఆ మెట్టు చూడలేదు.

అంచనా ఒక మెట్టు తక్కువ పడిందన్నమాట. దీన్ని శాస్త్రవేత్తల వైఫల్యంగా రాసినవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ ఒక్క మెట్టు ఎక్కడ జారిందో వెతికితే, ఈ శాస్త్రం ఎంతదాకా వచ్చి ఏ గోడ దగ్గర ఆగిందో స్పష్టంగా కనిపిస్తుంది.

సూర్యుడి మీద పేలుడు జరిగాక మనకు ముందు అందేది దాని వెలుగు. ఎక్స్‌రేలు, అతినీలలోహిత కిరణాలు ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లలో వచ్చేస్తాయి. దీన్నే సౌర జ్వాల అంటారు. ఎక్స్‌రేల బలాన్ని బట్టి దానికి ఏ, బీ, సీ, ఎం, ఎక్స్ అని తరగతులు. అది తాకగానే భూమి పగటి వైపున షార్ట్‌వేవ్ రేడియో మూగబోతుంది. వార్తల్లో ‘ఎక్స్ తరగతి జ్వాల’ అన్న మాట పడగానే ఆ రాత్రి అరోరా ఖాయమనుకునేవాళ్ళు చాలామంది. జ్వాల వల్ల అరోరా రాదు, దానితోపాటు సీఎంఈ బయలుదేరాలి. 2014 అక్టోబరులో 2192 అనే బ్రహ్మాండమైన మచ్చల గుంపు ఆరు ఎక్స్ తరగతి జ్వాలలు రేపింది. వాటిలో ఒక్కదాని వెంటా చెప్పుకోదగ్గ సీఎంఈ రాలేదు. పైనున్న బలమైన అయస్కాంత వలయాలు పేలుడును లోపలే నొక్కిపట్టాయి.

సీఎంఈని చూడటానికి కరోనాగ్రాఫ్ కావాలి. మధ్యలో ఒక బిళ్ళ అడ్డం పెట్టి సూర్యబింబాన్ని మూసేసి, చుట్టూ ఉన్న మసక కరోనాను మాత్రమే చూపే కెమెరా అది. 1995 డిసెంబరులో ఎగిరిన సోహో ఉపగ్రహం మీది కరోనాగ్రాఫ్ దశాబ్దాలపాటు ఈ పని చేసింది. 2024 జూన్‌లో ఎగిరిన గోస్-19 మీద ఇప్పుడు మరొకటి ఉంది. సీఎంఈ పక్కకు పోతుంటే బిళ్ళకు ఒక పక్క నుంచి బుడగలా ఉబ్బుతుంది. నేరుగా మన మీదికి వస్తుంటే బిళ్ళ చుట్టూ వలయంలా విచ్చుకుంటుంది. ఆ వలయం ఎంత తొందరగా పెద్దదవుతోందో కొలిచి, వేగం కట్టి, కంప్యూటర్ నమూనాలో పోస్తే భూమిని చేరే సమయం వస్తుంది. అందులో పది గంటలు అటూ ఇటూ కావడం మామూలే. మన మీదికే వస్తున్న వస్తువు వేగాన్ని ఎదురుగా నిలబడి అంచనా కట్టాల్సి రావడం అందుకు ఒక పెద్ద కారణం.

అంతకంటే పెద్ద చిక్కు ఆ తర్వాత వస్తుంది. సూర్యుడికీ మనకూ మధ్య 15 కోట్ల కిలోమీటర్లు. కరోనాగ్రాఫ్ కంటి నుంచి దాటిపోయిన సీఎంఈని నేరుగా తాకి కొలిచే పరికరం, మామూలుగా, భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందున్న ఎల్1 బిందువు దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. మొత్తం దారిలో అది నూరో వంతు. అండమాన్ దగ్గర పుట్టిన వాయుగుండాన్ని అక్కడ ఒకసారి ఫోటో తీసి, ఇక విశాఖ తీరం పన్నెండు కిలోమీటర్లుందనగా ఒకే ఒక్క బోయా దగ్గర మళ్ళీ చూడగలిగితే మన వాతావరణ శాఖ ఎలా అవస్థపడేదో ఊహించండి. బౌల్డర్‌లో రాత్రి డ్యూటీలో ఉండే శాస్త్రవేత్తల పరిస్థితి సరిగ్గా అదే.

ఆ బోయా దగ్గరకు వస్తే గానీ తెలియని ముఖ్యమైన అంశం వేగం కాదు, సాంద్రత కూడా కాదు. సీఎంఈలోని అయస్కాంత క్షేత్రం ఎటు తిరిగి ఉందన్నది. ఆ క్షేత్రంలో ఉత్తర దక్షిణాల దిశలో ఉన్న భాగాన్ని బీజెడ్ అని రాస్తారు. ఉత్తరం వైపు ఉంటే ప్లస్, దక్షిణం వైపు ఉంటే మైనస్. భూమి ముందు భాగంలో మన అయస్కాంత రేఖలు ఉత్తరం వైపు పోతుంటాయి. వచ్చే క్షేత్రం కూడా ఉత్తరం వైపే ఉంటే రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, తుపాను చాలావరకు పక్కనుంచి జారిపోతుంది. దక్షిణం వైపు ఉంటే ఎదురెదురు రేఖలు తెగి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. దాంతో మన కవచంలో తలుపు తెరుచుకున్నట్టే, సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహమైన సౌర పవనంలోని శక్తి లోపలికి ప్రవహిస్తుంది.

ఈ గుర్తు ఎంత పని చేస్తుందో చెప్పడానికి 1972 ఆగస్టు 4ను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. ఆ రోజు తాకిన సీఎంఈ సూర్యుడి నుంచి 14.6 గంటల్లో వచ్చింది. మనకు తెలిసినవాటిలో అంత తొందరగా వచ్చింది మరొకటి లేదు. వియత్నాం యుద్ధం జరుగుతున్న రోజులు. ఉత్తర వియత్నాం తీరంలో అమెరికా నౌకాదళం సముద్రంలో వేసిన అయస్కాంత మైన్లు, పైన ఓడలేమీ లేకుండానే డజన్ల కొద్దీ పేలిపోయాయి. భూ అయస్కాంత క్షేత్రంలో వచ్చిన ఆకస్మిక కదలికను అవి ఓడగా భ్రమపడ్డాయి. ఇంతటి దెబ్బ కొట్టిన సీఎంఈ కూడా భూమధ్యరేఖ ప్రాంతపు కొలతల ప్రకారం ఒక మోస్తరు తుపానుగానే మిగిలిపోయింది. దాని క్షేత్రం ఎక్కువ భాగం ఉత్తరం వైపు తిరిగి ఉండటమే కారణం. దక్షిణం వైపు తిరిగి ఉంటే ఆ ఏడాది చరిత్రలో మరో పేరుతో ఉండేదని చాలామంది శాస్త్రవేత్తల నమ్మకం.

కాబట్టి ఎల్1 దగ్గర ఏముందో అదే మన కాపలా. 1997లో ఎగిరిన ఏస్, 2015లో ఎగిరిన డిస్కవర్ అక్కడి నుంచి నిరంతరం లెక్కలు పంపుతూ వచ్చాయి. సౌర పవనం సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో ఉంటే అక్కడి నుంచి భూమికి గంటకు కాస్త పైన పడుతుంది. 800 ఉంటే అరగంట, 2000 ఉంటే పన్నెండు నిమిషాలు. మన చేతిలో ఉన్న ఖచ్చితమైన హెచ్చరిక కాలం ఇంతే. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ57 మీద బయలుదేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న ఈ బిందువు చుట్టూ తన కక్ష్యలోకి చేరింది. దాని మీద ఏడు పరికరాలు. సూర్యుడిని చూసేవి నాలుగైతే, తన పక్కనుంచి పోయే కణాలను, క్షేత్రాన్ని కొలిచేవి మూడు. సుమారు నాలుగు నెలలకు మే తుపాను వచ్చింది. సోలెక్స్, హీలియోస్ పరికరాలు జ్వాలల ఎక్స్‌రేలను, ఆస్పెక్స్ వేగవంతమైన సౌర పవనాన్ని నమోదు చేశాయి. కరోనాను చూసే వెల్క్ ఆ రోజుల్లో ఇంకా సర్దుబాట్ల దశలో ఉండటం వల్ల ఆ తుపాను పుట్టుకను చూడలేకపోయింది. నాకు అది నిజంగా బాధ కలిగించిన విషయం. అలాంటి మచ్చల గుంపు పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో ఒకసారి వస్తుంది.

ఇక ముందు వాయిదా వేసిన సంగతి. అరోరా ధ్రువాల దగ్గర వెలుగుతుంది గానీ తుపాను బలాన్ని తూచేది భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన వైపు నుంచే. తుపాను సమయంలో విద్యుదావేశ కణాలు భూమి నడుము చుట్టూ వేల కిలోమీటర్ల ఎత్తున వలయాకారంలో ప్రవహిస్తాయి. ఆ కరెంటు పుట్టించే క్షేత్రం భూమి క్షేత్రానికి ఎదురు నిలిచి, నేల మీద కొలిచే విలువను తగ్గిస్తుంది. ఆ తగ్గుదలే డీఎస్‌టీ అనే సూచిక. హైదరాబాద్ దగ్గర భూ అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం మామూలు రోజుల్లో దాదాపు 40 వేల నానోటెస్లాలు. 2024 మే తుపానులో డీఎస్‌టీ మైనస్ 400 దాటింది, అంటే సుమారు నూరో వంతు తగ్గుదల. చౌటుప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ నడిపే అయస్కాంత వేధశాల, విశాఖపట్నంలో భారతీయ భూఅయస్కాంత సంస్థ నడిపే వేధశాల కొలిచేది ఇలాంటి కదలికలనే. ఎర్రటి వెలుగేదీ కనిపించని మన ఆకాశం కింద ఆ తుపాను ఒక గీతగా, లోయలోకి దిగి నెమ్మదిగా పైకెక్కే గీతగా కనిపిస్తుంది. చదవడం తెలిసినవాళ్ళకు అది అరోరా అంత అందంగానూ ఉంటుంది.

చరిత్రలో అతి పెద్ద తుపానుల్లో ఒకదాని గీత కూడా మన దగ్గరే దొరికింది. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండ్‌లో రిచర్డ్ కారింగ్టన్ తెర మీద పడుతున్న సూర్యబింబంలో మచ్చలను గీసుకుంటూ, రెండు తెల్లటి మెరుపులను చూశాడు. పదిహేడున్నర గంటల తర్వాత భూమి కంపించినట్టు అయస్కాంతాలన్నీ ఊగాయి. అమెరికాలో బోస్టన్, పోర్ట్‌లండ్ మధ్య టెలిగ్రాఫ్ ఉద్యోగులు బ్యాటరీలు తీసేసి, అరోరా తీగల్లో పుట్టించిన కరెంటుతోనే కాసేపు కబుర్లు పంపుకున్నారు. బొంబాయిలోని కొలాబా వేధశాలలో అప్పుడు పగటి పూట. గంటకోసారి కంటితో తీసే రీడింగులను, అలజడి చూశాక ఐదు, పదిహేను నిమిషాలకోసారి తీశారు. ఆ ఓపికే లేకపోతే ఈ రోజు మనకు ఏమీ మిగిలేది కాదు. 2003లో బ్రూస్ సురుతాని, మన గురుబక్ష్ లఖీనా, శోభనా అలెక్స్ తదితరులు ఆ పాత పుస్తకాలను తీసి పరిశీలిస్తే, క్షేత్రం 1,600 నానోటెస్లాలు పడిపోయినట్టు తేలింది. అంతటి తుపాను మళ్ళీ వస్తే ఎలా ఉంటుందని లెక్కలు కట్టేవాళ్ళు ఇప్పటికీ ఆశ్రయించే ఆధారాల్లో కొలాబా రీడింగులు ముఖ్యమైనవి. బొంబాయిలో ట్రాములు కరెంటు మీద నడవబోతున్నాయని తెలిసి, వాటి అలజడి తగలకుండా ఆ పనిని 1904లో అలీబాగ్‌కు మార్చారు. వేధశాల ఇప్పటికీ అక్కడ నడుస్తోంది.

అరోరా వెలుగు గురించి ఒక అపోహ తొలగించాలి. సూర్యుడి నుంచి వచ్చిన కణాలు నేరుగా ధ్రువాల మీద రాలి వెలుగుతాయని పాఠ్యపుస్తకాల్లో కూడా కనిపిస్తుంది. ఎక్కువ భాగం జరిగేది వేరు. సౌర పవనం మన అయస్కాంత క్షేత్రాన్ని రాత్రి వైపున పొడవాటి తోకలా సాగదీస్తుంది. అందులో శక్తి పోగై, సాగిన రేఖలు తెగి అతుక్కున్నప్పుడు ఎలక్ట్రాన్లు భూమి వైపు వేగంగా దూకుతాయి. అవి గాలిలోని పరమాణువులను తాకితే వెలుగు. దాదాపు నూరు కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ పరమాణువు ఇచ్చేది ఆకుపచ్చ, రెండు వందల కిలోమీటర్లు దాటాక అదే ఆక్సిజన్ ఇచ్చేది ఎరుపు. ఎరుపు వెలువడాలంటే పరమాణువు ఉద్రేకపడ్డాక రెండు నిమిషాల దాకా ఎవరినీ గుద్దుకోకుండా ఉండాలి. అంత ఏకాంతం పలుచని పై గాలిలోనే దొరుకుతుంది. అందుకే దూరం నుంచి చూసే హన్లేకి ఎరుపే కనిపించింది, ఆకుపచ్చ క్షితిజం కింద ఉండిపోయింది.

అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో ఉన్న తెలుగువాళ్ళు ఈ మధ్య ఫోన్లలో అరోరా యాప్‌లు పెట్టుకోవడం చూస్తున్నాను. వాళ్ళకు ఉపయోగపడే మాటలు కొన్ని. బౌల్డర్ కేంద్రం చెప్పే వాచ్ అంటే ఒకటి రెండు రోజుల్లో రావచ్చని. వార్నింగ్ అంటే ఎల్1 దాటింది, ఇక తాకబోతోందని. అలర్ట్ అంటే ఆ స్థాయి వచ్చేసిందని. సెలవు పెట్టి ప్రయాణం కట్టాలంటే వాచ్ చూడండి, కోటు తొడుక్కుని బయటికి పోవాలంటే వార్నింగ్ చూడండి. కేపీ అనే సూచిక సున్నా నుంచి తొమ్మిది దాకా ఉంటుంది, దాని మీదే జీ మెట్లు కట్టారు. కానీ అది మూడు గంటలకు ఒక అంకె. మీరు ఆకాశం కింద నిలబడిన పది నిమిషాల సంగతి అది చెప్పలేదు. ఆ పది నిమిషాల సంగతి చెప్పేది బీజెడ్. అది మైనస్ పదికి దిగి అక్కడే అరగంట, గంట నిలిస్తే మిన్నెసోటాలో ఉన్నవాళ్ళు లేచి కూర్చోవాలి. మైనస్ ముప్పై, నలభై అయితే డాలస్‌వాళ్ళు కూడా. ప్లస్‌లోకి పోతే ఓపిక పట్టండి. పెద్ద సీఎంఈ దాటడానికి ఒక రోజు పడుతుంది, దాని లోపల క్షేత్రం మెల్లగా మెలి తిరుగుతుంది. సాయంత్రమంతా ప్లస్ చూపి అర్ధరాత్రి దాటాక దక్షిణానికి తిరిగినవి ఎన్నో. ఏమీ లేదని పదింటికే ఇంటికి పోయినవాళ్ళు పోగొట్టుకునేది అదే.

కంటికి బూడిద రంగు మబ్బులా కనిపిస్తే నిరాశ పడనక్కర లేదు. చీకట్లో పనిచేసే మన కంటి కణాలకు రంగు తెలియదు. ఫోన్‌ను కదలకుండా పెట్టి నైట్ మోడ్‌లో కొన్ని సెకన్లు తెరిచి ఉంచితే మబ్బా, అరోరానా తేలిపోతుంది. మార్చి, సెప్టెంబరు నెలల చుట్టుపక్కల అవకాశాలు ఎక్కువ. ఆ రోజుల్లో భూమి వంపు వల్ల సూర్యుడి క్షేత్రం మనకు దక్షిణం వైపుగా పడే సందర్భాలు పెరుగుతాయి. సూర్యుడు మన చూపులో 27 రోజులకో చుట్టు తిరుగుతాడు కాబట్టి, ఒకసారి అల్లరి చేసిన ప్రాంతం బతికి ఉంటే మళ్ళీ ఎదురుగా వస్తుంది. 3664 అలాగే 3697 అన్న కొత్త సంఖ్యతో తిరిగొచ్చింది. వెనక్కి పోయిన మచ్చలను కూడా పూర్తిగా కోల్పోము. సూర్యుడి లోపలి ధ్వని తరంగాలను వినే గాంగ్ వేధశాలల వలయం అవతలి వైపు పెద్ద మచ్చలను పసిగడుతుంది. ప్రపంచంలో అవి ఆరు, అందులో ఒకటి ఉదయపూర్‌లో ఉంది.

ఇదంతా వెలుగు కోసం మాత్రమే అయితే ఇన్ని దేశాలు ఇంత ఖర్చు పెట్టేవి కావు. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్ విద్యుత్ వ్యవస్థ ఒకటిన్నర నిమిషంలో కుప్పకూలి 60 లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో గడిపారు. 2022 ఫిబ్రవరిలో ఒక చిన్న తుపాను పై వాతావరణాన్ని కాస్త ఉబ్బించినందుకే కొత్తగా ఎగిరిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో దాదాపు 40 రాలిపోయాయి. 2024 మేలో అమెరికా మధ్య రాష్ట్రాల్లో మొక్కజొన్న నాటే రోజులు. జీపీఎస్ చూపే దారి తప్పుతుంటే రైతులు ట్రాక్టర్లు ఆపుకుని కూర్చున్నారు. జీపీఎస్ సంకేతాలకు మన దగ్గర తుపాను లేని రోజుల్లో కూడా ఇబ్బందే. అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతం మీదుగా పోవడం వల్ల, సూర్యాస్తమయం తర్వాత మన అయనావరణంలో బుడగల్లాంటి ఖాళీలు పైకి లేస్తాయి. తిరుపతి దగ్గర గాదంకిలోని పెద్ద రాడార్ ఇలాంటివాటిని ఎన్నో ఏళ్ళుగా గమనిస్తోంది.

2031లో ఎగిరేలా ఐరోపా అంతరిక్ష సంస్థ విజిల్ అనే నౌకను సిద్ధం చేస్తోంది. అది ఎల్5 అనే బిందువు నుంచి, అంటే పక్కనుంచి సూర్యుడిని చూస్తుంది. సీఎంఈ వేగాన్ని ఎదురుగా నిలబడి ఊహించాల్సిన అవస్థ దానితో చాలావరకు తీరుతుంది, చేరే సమయం గంటల తేడాలో మెరుగుపడుతుంది. బీజెడ్ గుర్తును మాత్రం అది కూడా ముందే చెప్పలేదు. అందుకు ఎల్1 కంటే సూర్యుడికి దగ్గరగా, దారి మధ్యలో కాపలా నౌకలు నిలపాలి. ఆదిత్య తర్వాత మన దేశం చేయదగ్గ పని అదేనని నా అభిప్రాయం.

ప్రస్తుత సౌర చక్రానికి 2019లో నిపుణుల బృందం వేసిన అంచనా 115 మచ్చలు, 2025 జులైలో శిఖరం. వచ్చింది దాదాపు 160, అదీ 2024 అక్టోబరులో. శిఖరం దాటింది కాబట్టి ఇక ఏమీ ఉండదనుకుని యాప్‌లు తీసేస్తున్నవాళ్ళకు ఒక లెక్క: 2003 అక్టోబరు, నవంబరుల్లో వచ్చిన హాలోవీన్ తుపానులు ఆనాటి చక్రం శిఖరం దాటిన దాదాపు రెండేళ్ళకు వచ్చాయి.